మీ పాదానికి మీ షూస్



పోయిన నెల మన శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను చాలాసేపు ఆలోచనలో పడవేసింది. రాసిన సహోదరి ఒక చిన్న పట్టణంలో హైస్కూలు టీచరు. వయస్సు 43. ఇద్దరు పిల్లల తల్లి. పేరు, ఊరు వేయవద్దని కోరారు కాబట్టి వేయడం లేదు. ఉత్తరంలోని మాటలు మాత్రం ఆమెవే.

"అక్కా, షుగరు అంచున ఉన్నావు, జాగ్రత్తపడమ్మా అని డాక్టరుగారు చెప్పినప్పటి నుండి తెల్లవారుజామున కాలేజీ గ్రౌండులో నడవడం మొదలుపెట్టాను. నాలుగు నెలలు నడిచాక ఒకరోజు చుట్టూ ఎవరూ లేరని చూసుకుని కొంచెం దూరం పరుగెత్తాను. చిన్నప్పుడు స్కూలు ఆటలపోటీలలో పరుగెత్తిన తర్వాత మళ్ళీ అదే మొదటిసారి. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇప్పుడు రెండు కిలోమీటర్లు ఆగకుండా పరుగెత్తగలుగుతున్నాను. జిల్లా కేంద్రంలో మహిళలకు ఐదు కిలోమీటర్ల పరుగు పెడుతున్నారని మా టీచర్లం నలుగురం పేర్లు ఇచ్చాము. నా కాళ్ళకు ఉన్నవి మా అబ్బాయి వదిలేసిన షూస్. ముందువైపు దూది కూరి వేసుకుంటున్నాను. బొటనవేలి గోరు నల్లబడింది. పొద్దున్నే మంచం దిగి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టు ఉంటుంది. కొత్తవి కొనుక్కుందామంటే ధరలు చూసి గుండె జారుతోంది. ఈ వయస్సులో నాకు పరుగు షూస్ దుబారా కాదా? పోనీ, కొంటే ఏమి చూసి కొనాలి? షాపులో అడిగితే నవ్వుతారేమో!"

ఈ ఉత్తరం చదివి, లేచి వెళ్ళి మా వరండాలోని చెప్పుల స్టాండు చూశాను. మావారివి ఆఫీసు బూట్లు, వాకింగు షూస్, ఇంటి చెప్పులు. పిల్లలవి కాలేజీకి ఒక జత, ఆటలకు ఒక జత, వర్షానికి ఒక జత. నావి రెండే. బజారుకు వేసుకునే రబ్బరు చెప్పులు, ఆదివారం వేసుకునే చెప్పులు. కొనుక్కోవద్దని నాకు ఎవరూ చెప్పలేదు. నేనే అడగలేదు. మనలో చాలామంది సంగతి ఇంతే కదా? అందుకే ఈ సహోదరికి ఇచ్చే జవాబును అందరి కోసం ఇక్కడే రాస్తున్నాను.

దుబారా అవునా, కాదా?

నడిచేటప్పుడు ఏదో ఒక పాదం ఎప్పుడూ నేలమీద ఉంటుంది. పరుగులో అలా కాదు. అడుగుకూ అడుగుకూ మధ్య ఒక క్షణం రెండు పాదాలూ గాలిలో ఉంటాయి. ఆ వెంటనే ఒంటి భారమంతా ఒక్క పాదం మీద పడుతుంది. అప్పుడు నేల నుండి తగిలే తాకిడి మన బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. 60 కిలోల మనిషి అనుకుంటే ప్రతి అడుగుకూ 120 నుండి 180 కిలోల భారం. నెమ్మదిగా పరుగెత్తినా నిమిషానికి 160 అడుగులకు తక్కువ కాకుండా పడతాయనుకోండి. ఐదు కిలోమీటర్లకు 40 నిమిషాలు పట్టిందంటే 6,400 అడుగులు! షూ ఎక్కడైనా గోరంత ఒరుసుకున్నా, ఆ ఒరుసుకోవడం కూడా అన్ని వేలసార్లు జరుగుతుంది. ఇంట్లో వేసుకుని చూస్తే తెలియని లోపం గ్రౌండులో రెండో కిలోమీటరుకు బొబ్బగా బయటపడేది ఇందుకే.

దుబారా అంటే అక్కరలేనిదానికి డబ్బు పోయడం. వంటకు గిన్నె కొన్నట్టు, చూపు తగ్గితే కళ్ళజోడు కొన్నట్టు, పరుగెత్తే మనిషికి షూస్ అక్కర. పొరుగింటివారి కళ్ళజోడు మనకు చవకగా వచ్చిందని పెట్టుకుంటామా? షూస్ విషయంలో మాత్రం పెట్టుకుంటున్నాము. కాబట్టి ఈ సహోదరి మొదటి ప్రశ్నకు నా జవాబు: దుబారా కాదమ్మా. దూది తీసేయండి.

దూది ఎందుకు పనికిరాదో కూడా చెబుతాను. పెద్ద షూలో పాదం ముందుకూ వెనక్కూ జారుతుంది. జారిన ప్రతిసారీ బొటనవేలు వెళ్ళి ముందు భాగానికి కొట్టుకుంటుంది. గోరు కింద రక్తం చేరి నల్లబడుతుంది. షూ మరీ చిన్నదైనా జరిగేది ఇదే. పైగా మన వేళ్ళు వంగే చోట షూ వంగదు, షూ వంగే చోట మన పాదం వంగదు. ఇక అబ్బాయి ఏడాది, రెండేళ్ళు ఆడి వదిలేసిన షూలో అడుగున ఉండే మెత్తదనం ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది. పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది.

మగపిల్లల షూస్‌తో పరుగెత్తిన స్త్రీ

మన సహోదరి ఒక్కరే కాదు, స్త్రీల పరుగు చరిత్రే ఒకరకంగా మగపిల్లల షూస్‌తో మొదలైంది. 1966లో అమెరికాలో బాబీ గిబ్ అనే యువతి బోస్టన్ మారథానులో పాల్గొనడానికి దరఖాస్తు పంపమని అడిగింది. అది 42 కిలోమీటర్ల పరుగు. స్త్రీల శరీరానికి అంత దూరం పరుగెత్తే శక్తి లేదని జవాబు వచ్చింది. ఆమె ఊరుకోలేదు. దేశానికి ఆ చివర ఉన్న శాన్ డియేగో నుండి రోజుల తరబడి బస్సులో ప్రయాణం చేసి వచ్చి, పరుగు మొదలయ్యే చోట పొదలలో దాక్కుని, మగవారి గుంపులో కలిసి పరుగెత్తింది. ఆ రోజులలో స్త్రీలకంటూ పరుగు షూస్ దొరికేవి కావు. అంతవరకు ఆమె నర్సులు వేసుకునే బూట్లతో సాధన చేసింది. ఆ రోజు కోసం మగపిల్లల షూస్ కొత్త జత కొనుక్కుంది. చివరి మైళ్ళలో పాదాలు బొబ్బలెక్కి, మెల్లగా అడుగులు వేసుకుంటూ వచ్చింది. అయినా 3 గంటల 21 నిమిషాల 40 సెకన్లలో ముగించి, ఆ రోజు పరుగెత్తిన మగవారిలో ఎక్కువమంది కంటే ముందు నిలిచింది.

బోస్టన్‌లో స్త్రీలను అధికారికంగా పరుగెత్తనిచ్చింది 1972లో. ఒలింపిక్స్‌లో స్త్రీల మారథాను మొదలైంది 1984లో. స్త్రీల షూస్ అని అమ్మడం మొదలైన తర్వాత కూడా చాలాకాలం జరిగిందేమిటంటే, మగవారి షూ అచ్చునే చిన్నది చేసి, రంగు మార్చి, స్త్రీలదని పెట్టెమీద వేసేవారు.

ఇందులో తప్పేమిటి అంటారా? స్త్రీ పాదం అంటే చిన్న సైజు పురుష పాదం కాదు. 2001లో ప్రచురించిన ఒక పరిశోధనలో ఒకే పొడవున్న స్త్రీ పురుషుల పాదాలను కొలిచి పోల్చినప్పుడు వంపు, వేళ్ళ వైపు ఆకారం, చీలమండ దగ్గర కొలతలు వేరువేరుగా ఉన్నట్టు తేలింది. సాధారణంగా స్త్రీలకు ముందు భాగంతో పోలిస్తే మడమ సన్నం. అందువల్ల మగవారి అచ్చులో పోసిన షూ ముందువైపు సరిపోతే వెనక వదులవుతుంది, వెనక సరిపోతే ముందు బిగుస్తుంది.

మన దేశం సంగతి మరొకటి. ఇక్కడ మనం చెప్పే 5 నెంబరు, 6 నెంబరు అన్నవి ఇంగ్లండువారి కొలతలు. చెన్నైలోని కేంద్ర చర్మ పరిశోధన సంస్థవారు 2021 డిసెంబరు నుండి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల 1,01,880 మంది పాదాలను యంత్రాలతో కొలిచారు. యూరపు, అమెరికా వారి పాదాల కంటే మనవి వెడల్పు అని తేలింది. భారతీయులకు ప్రత్యేకంగా 'భ' అనే కొలతల పద్ధతిని వారు ప్రతిపాదించారు. కాబట్టి ఈసారి షాపులో షూ పక్కల నొక్కుతుంటే "నా కాలే వంకర" అనుకోకండి. ఆ అచ్చు మన పాదాన్ని చూసి పోసినది కాదు.

తల్లులైనవారికి ఇంకొక మాట. 2013లో ప్రచురించిన ఒక పరిశోధనలో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంవారు 49 మంది గర్భిణుల పాదాలను కాన్పుకు ముందు, కాన్పైన కొన్ని నెలల తర్వాత కొలిచారు. పదిమందిలో ఆరేడుగురికి పాదం పొడవు, వెడల్పు పెరిగాయి, పాదం వంపు తగ్గింది. ఈ మార్పు ముఖ్యంగా తొలి కాన్పుతో వచ్చిందనీ, అలాగే నిలిచిపోయేలా ఉందనీ వారు గ్రహించారు. మనమేమో "నాది 5 నెంబరు" అని పెళ్ళినాటి మాటే నేటికీ చెబుతున్నాము. పెళ్ళినాటి జాకెట్టు ఇప్పుడు పట్టదని ఒప్పుకుంటాము గానీ, పాదం మారిందని మనకు తోచదు.

ఒక్కొక్కరి పాదం ఒక్కొక్క తీరు అనడానికి స్వప్న బర్మన్ కంటే మంచి ఉదాహరణ లేదు. ఈ అమ్మాయిది పశ్చిమ బెంగాల్‌లోని జల్పాయిగురి. తండ్రి రిక్షా తొక్కిన మనిషి, తల్లి తేయాకు తోటలో పనిచేసిన మనిషి. స్వప్నకు రెండు పాదాలకూ ఆరేసి వేళ్ళు. మామూలు షూస్‌లో ఆ వేళ్ళు నలిగిపోయేవి. అయిదు వేళ్ళవారి షూస్‌లోనే ఆరు వేళ్ళు ఇరికించుకుని, ఏడు అంశాలుండే హెప్టాథ్లాన్‌లో 2018 జకార్తా ఆసియా క్రీడలలో 6,026 పాయింట్లతో బంగారు పతకం గెలిచింది. ఆ అంశంలో మన దేశానికి అదే తొలి స్వర్ణం. గెలిచిన తర్వాత ఆ అమ్మాయి తన పాదాలకు సరిపడే షూస్ కావాలని అడిగింది. 2019లో అడిడాస్ కంపెనీవారు ఆమె పాదాల కొలతలు తీసుకుని ప్రత్యేకంగా తయారుచేసి ఇచ్చారు. మనం గమనించవలసింది ఏమిటంటే, అంత గెలిచిన మనిషి కూడా నోరు తెరిచి అడిగితేనే దొరికింది.

షాపుకు వెళ్ళేముందు

ఒక తెల్ల కాగితం గోడకు ఆనించి నేలమీద పెట్టండి. మడమ గోడకు తగిలేలా కాగితం మీద నిలబడండి. కూర్చుని కొలవకూడదు, భారం పడితేనే పాదం అసలు కొలత తెలుస్తుంది. పెన్సిలు నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీయమని పిల్లలకు చెప్పండి. రెండు పాదాలూ గీయించండి. చాలామందికి ఒకటి కొంచెం పెద్దగా ఉంటుంది. ఆ పెద్దదే మీ కొలత. పొడవు సెంటీమీటర్లలో రాసుకోండి. అన్ని కంపెనీల 5 నెంబరు ఒకటి కాదు. పెట్టెమీద ఇంగ్లండు నెంబరు, అమెరికా నెంబరు, యూరపు నెంబరు వేరువేరుగా ఉంటాయి. చాలా పెట్టెలమీద సెంటీమీటర్లు కూడా వేస్తారు. మీరు రాసుకున్న కొలతతో పోల్చుకోవడానికి అది పనికివస్తుంది.

షాపుకు సాయంత్రం వెళ్ళండి. రోజంతా నిలబడి పనిచేసిన పాదాలు సాయంత్రానికి కొంచెం ఉబ్బుతాయి. పరుగులో కూడా అలాగే ఉబ్బుతాయి. ఉదయం సరిపోయిన షూ అప్పుడు బిగుస్తుంది. పరుగుకు వేసుకునే సాక్సు, మీరు గీయించిన కాగితం సంచిలో పెట్టుకోండి. పాత షూస్ కూడా తీసుకువెళ్ళండి. వాటి అడుగు ఎక్కడ అరిగిందో చూస్తే అనుభవమున్న అమ్మకందారుకు కొంత తెలుస్తుంది.

షాపులో చూడవలసినవి

మొదట షూ లోపల చెయ్యి పెట్టి తడమండి. గట్టి కుట్టు, మడత, జిగురు గడ్డ తగిలితే పక్కన పెట్టండి. ఈరోజు వేలికి తగిలింది రేపు పాదానికి బొబ్బ అవుతుంది.

రెండవది, లోపల పరిచిన పలుచని అట్ట చాలా షూస్‌లో ఊడివస్తుంది. దానిని బయటికి తీసి నేలమీద పెట్టి, దానిపై నిలబడండి. చిటికెనవేలు గానీ పాదం అంచు గానీ అట్ట దాటి బయటికి వస్తే, ఆ షూ మీకు ఇరుకు. నెంబరు పెంచితే పొడవు ఎక్కువై మళ్ళీ దూది కథే. కాబట్టి అదే నెంబరులో వెడల్పు రకం అడగండి. స్త్రీల షూస్‌లో దొరకకపోతే మగవారి షూస్‌లో మీ కొలతది వేసుకుని చూడండి. అవి సాధారణంగా వెడల్పుగా ఉంటాయి. మడమ జారకపోతే వాటినే తీసుకోవచ్చు, అందులో సిగ్గు ఏమీ లేదు. అబ్బాయి వదిలేసినది వేసుకోవడం వేరు, మీ కొలత చూసి మీ కోసం కొనుక్కోవడం వేరు.

మూడవది, లేసులు కట్టుకుని నిలబడండి. అన్నిటికంటే పొడుగైన వేలికీ షూ కొసకూ మధ్య బొటనవేలి వెడల్పంత చోటు ఉండాలి. కొందరికి పొడుగైనది బొటనవేలు కాదు, పక్క వేలు. వేళ్ళు లోపల పియానో వాయించినట్టు ఆడాలి.

నాలుగవది, మడమ. నాలుగడుగులు వేసినప్పుడు మడమ పైకి లేచి జారకూడదు. కొంచెం జారుతుంటే పారవేయవలసిన పనిలేదు. పరుగు షూలో అన్నిటికంటే పైన, కాస్త వెనక్కి, మనం ఎప్పుడూ వాడని ఒక రంధ్రం ఉంటుంది. లేసును అదే వైపున్న ఆ రంధ్రంలోకి దూర్చి చిన్న ఉంగరంలా వదలండి. రెండోవైపు కూడా అలాగే. ఇప్పుడు ఒక్కొక్క లేసు కొసను ఎదుటివైపు ఉంగరంలో నుండి తీసి, బిగించి, ముడి వేయండి. ముందు భాగం నొక్కకుండా మడమ మాత్రం పట్టుకుంటుంది. సన్నని మడమలున్న స్త్రీలకు ఇది ఎంతో ఉపయోగం, పైసా ఖర్చు లేదు.

ఐదవది, షూను చేతిలోకి తీసుకుని కొసనూ మడమనూ దగ్గరకు వంచండి. వేళ్ళు మొదలయ్యే చోట వంగాలి. నడిమికి విరిగినట్టు వంగితే మంచిది కాదు. తర్వాత బల్లమీద పెట్టి వెనక నుండి చూడండి. ఒక పక్కకు ఒరిగి ఉంటే తయారీలోనే లోపం ఉన్నట్టు.

ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. వేసుకుని నడవడమే కాదు, పరుగెత్తి చూడండి. షాపులో చోటు లేకపోతే బయట మెట్లముందు శుభ్రమైన చోట ఇరవై అడుగులు పరుగెత్తి వస్తామని చెప్పండి. నవ్వితే నవ్వనివ్వండి. డబ్బు ఇచ్చేది మీరు, నొప్పి పడేది మీ కాలు. "వేసుకుంటుంటే సాగుతుందమ్మా" అని తప్పకుండా అంటారు. తోలు చెప్పులకు ఆ మాట కొంత నిజం. నేటి పరుగు షూస్ పైభాగం నైలాను వంటి దారాలతో అల్లినది, అడుగున నురగ వంటి పదార్థం. నొక్కే షూ మన పాదాన్ని మారుస్తుంది గానీ తాను మారదు. కొన్న రోజే హాయిగా ఉండాలి.

హాయి అన్నదే అసలు పరీక్ష

"మీది చదును పాదం, మీరు ఈ రకమే వేసుకోవాలి" అని కొన్ని షాపులలో చెబుతారు. తడి పాదంతో నేలమీద ముద్ర వేసి, దానినిబట్టి షూ ఎంచుకోవాలని చాలాకాలం అందరూ నమ్మారు. పాదం లోపలికి వాలేవారికి దానిని అడ్డుకునే గట్టి షూ ఇచ్చేవారు. 2009-10 ప్రాంతంలో అమెరికా సైన్యంలో కొత్తగా చేరిన స్త్రీ పురుషుల మీద ఈ పద్ధతిని పరీక్షించారు. పాదం ఆకారాన్నిబట్టి షూస్ ఇచ్చినవారికీ, అందరికీ ఒకే రకం ఇచ్చినవారికీ దెబ్బలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

స్త్రీల మీదే చేసిన పరీక్ష ఒకటి ఉంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించారు. 21 కిలోమీటర్ల పరుగుకు సిద్ధపడుతున్న 81 మంది స్త్రీలకు మూడు రకాల షూస్‌లో ఒకటి ఇచ్చి 13 వారాలు గమనించారు. పాదాన్ని ఎక్కువగా కట్టడిచేసే రకం వేసుకున్నవారే ఎక్కువ నొప్పులు చెప్పారు. ఆ షూస్ ఎవరి కోసం తయారయ్యాయని చెబుతారో, ఆ పాదం బాగా వాలే స్త్రీలకు కూడా అవి మేలు చేయలేదు.

మరి దేనినిబట్టి ఎంచుకోవాలి? పరుగు షూస్ మీద దశాబ్దాలపాటు పరిశోధన చేసిన కాల్గరీ విశ్వవిద్యాలయపు బెన్నో నిగ్, ఆయన తోటివారు 2015లో ఒక వ్యాసంలో ఇలా సూచించారు: మనిషి తనకు హాయిగా ఉన్న షూను తానే ఎంచుకుంటే, శరీరం తనకు అలవాటైన తీరులో కదులుతుంది, దెబ్బల అవకాశం కూడా తగ్గవచ్చు. చూశారా! ఇన్ని యంత్రాలు, ఇన్ని లెక్కలు అయిన తర్వాత శాస్త్రవేత్తలు వచ్చి చేరిన చోటు మీ పాదం దగ్గరే. అందువల్ల కనీసం మూడు జతలు వేసుకుని చూడండి. ఒక కాలికి ఒకటి, ఇంకొక కాలికి మరొకటి వేసుకుని పోల్చండి. రంగు చూడకండి, పేరు చూడకండి. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని కాలు ఏమంటుందో వినండి.

వేగం సంగతి

"తేలికైనవి వేసుకుంటే వేగం పెరుగుతుందా?" అని కొందరు యువతులు అడుగుతారు. కొంత నిజమే. ఒక్కొక్క షూ బరువు 100 గ్రాములు పెరిగితే పరుగుకయ్యే శక్తి సుమారు ఒక శాతం పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. 2023లో బెర్లిన్‌లో ఇథియోపియా స్త్రీ టిగిస్ట్ అసెఫా 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లలో మారథాను ముగించి అప్పటి ప్రపంచ రికార్డు సాధించినప్పుడు ఆమె వేసుకున్న షూ బరువు సుమారు 138 గ్రాములే. అయితే దాని ధర 500 డాలర్లు. అది ఒక్క మారథానుకు, ముందు కాస్త అలవాటుపడడానికి మాత్రమే పనికివచ్చేలా చేసినదని తయారుచేసినవారే చెప్పారు. అటువంటి పోటీ షూస్‌లో మందమైన నురగ, మధ్యలో కార్బన్ పలక ఉంటాయి. రోడ్డు పోటీలలో అడుగు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ నియమం కూడా పెట్టింది.

రోజూ ఉదయం రెండు మూడు కిలోమీటర్లు పరుగెత్తే మనకు అవి అక్కరలేదు. సాధనకు వాడే షూ ఒక్కొక్కటి 200 నుండి 300 గ్రాముల మధ్య ఉంటే చాలు. మరీ మెత్తగా దూదిపరుపులా ఉంటే పాదం అటూ ఇటూ ఊగుతుంది. మడమ వైపు ఎత్తు, వేళ్ళ వైపు ఎత్తు మధ్య ఎంత తేడా ఉందో అడగండి. చాలా షూస్‌లో అది 8 నుండి 12 మిల్లీమీటర్లు. అలవాటైనదాని కంటే బాగా తక్కువది వేసుకుంటే పిక్కల మీద, మడమ వెనక నరం మీద భారం పెరుగుతుంది. అలా మార్చవలసివస్తే మెల్లమెల్లగా మార్చండి.

కొన్న తర్వాత

కొత్త షూస్‌తో మొదటి రోజే పూర్తి దూరం వద్దు. మొదటి వారం కొద్దికొద్దిగా వాడండి. పోటీ రోజున కొత్త జత అసలే వద్దు. బాబీ గిబ్ బొబ్బలు గుర్తుంచుకోండి. పరుగు షూస్‌ను పరుగుకే ఉంచండి, కూరల బజారుకు వేసుకువెళ్ళకండి. షూ నాలుక లోపలి వైపు కొన్న తేదీ పెన్నుతో రాసుకోండి. మామూలుగా ఒక జత 500 నుండి 800 కిలోమీటర్ల వరకు పనిచేస్తుంది. వారానికి 12 కిలోమీటర్లు పరుగెత్తేవారికి దాదాపు ఏడాది వస్తుంది. ఆ లెక్కన ఖరీదును రోజులకు పంచి చూసుకోండి, అప్పుడు ధర అంత భయపెట్టదు. తడిస్తే లోపలి అట్ట తీసి, పాత వార్తాపత్రిక ఉండలు చేసి కూరి, నీడలో ఆరబెట్టండి. మండుటెండలో పెడితే జిగురు ఊడుతుంది.

షుగరు వ్యాధి ఉన్న సహోదరీలు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. వారికి పాదాలలో స్పర్శ తగ్గవచ్చు. అప్పుడు "హాయిగా ఉంది" అని పాదం చెప్పే మాటను నమ్మలేము. డాక్టరుకు పాదాలు చూపించి, ఆయన చెప్పినట్టే షూస్ తీసుకోండి. వేసుకునేముందు రోజూ షూ దులపండి, రాత్రి పడుకునేముందు అరికాళ్ళు చూసుకోండి.

ఇక ఉత్తరం రాసిన సహోదరికి చివరి మాట. పొద్దున్నే మొదటి అడుగుకు మడమలో పొడిచే నొప్పి చాలాసార్లు అరికాలి కింద ఉండే పట్టీలాంటి పొర దెబ్బతినడంవల్ల వస్తుంది. షూస్ మార్చితే అదే పోతుందని నేను హామీ ఇవ్వలేను. ఏ షూ కూడా నొప్పి రానివ్వనని హామీ ఇవ్వలేదు. ముందు డాక్టరుకు చూపించండి. నొప్పి తగ్గేవరకు పరుగు తగ్గించి నడవండి. ఇంట్లో గట్టి బండల మీద ఉత్త కాళ్ళతో గంటలకొద్దీ నిలబడకుండా మెత్తటి చెప్పులు వేసుకోండి. ఈసారి ఐదు కిలోమీటర్ల పరుగు దాటిపోతే పోనివ్వండి, వచ్చే ఏడాది మళ్ళీ పెడతారు.

షూస్ కొనడానికి మాత్రం వెళ్ళండి. ఒంటరిగా వెళ్ళడానికి మొహమాటమైతే మీ అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్ళండి. తన పాత షూలో అమ్మ దూది కూరుకుని పరుగెత్తుతోందని ఆ బిడ్డకు తెలిసి ఉండదు. తెలిస్తే లేసులు కట్టడానికి తానే కింద కూర్చుంటాడు. ఎన్నో ఏళ్ళు మీరు అతనికి కట్టారు కదా!

ఏ నెంబరు సరిపోయిందో మాకు ఉత్తరం రాయండి. నేనూ వచ్చే శనివారం సాయంత్రం కాగితం, సాక్సు సంచిలో పెట్టుకుని బయలుదేరుతున్నాను. మా స్టాండులో మూడో జతకు చోటు చేశాను.